కుర్చీ ఖాళీ కాకముందే

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక సేవాసంస్థ బోర్డులోనో, స్టాఫ్‌లోనో ఉన్నవాళ్లే. వృద్ధుల సంరక్షణ కావచ్చు, పిల్లల హోమ్ కావచ్చు, హింస తట్టుకోలేక ఇల్లు వదిలి వచ్చిన స్త్రీలకు ఆశ్రయం కావచ్చు. పని ఏదైనా డైరెక్టర్ మారే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దాని గురించి ముందే మాట్లాడాలంటే మాత్రం అందరికీ మొహమాటమే. "మేడమ్ ఉండగానే ఆమె తర్వాత ఎవరని అడిగితే ఏమనుకుంటారో" అని బోర్డు నోరు మెదపదు. "నేనే ఆ మాట ఎత్తితే దాతలు కంగారుపడతారు" అని మేడమూ ఎత్తరు. అలా ఏళ్లు గడిచిపోతాయి.

తర్వాత వచ్చేవాళ్ల పేరొకటి రాసిపెట్టుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లకు, ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ సంగతి చెప్పాలి. దాని వ్యవస్థాపకుడు విలియం బూత్ పెట్టిన పద్ధతి ప్రకారం, జనరల్, అంటే ఆ సంస్థ అధిపతి, తన తర్వాత ఎవరన్నది సీలు వేసిన కవరులో రాసి ఉంచాలి. 1912లో ఆయన పోయాక కవరు విప్పితే కొడుకు బ్రామ్‌వెల్ పేరుంది. 1929 నాటికి బ్రామ్‌వెల్ జబ్బుపడ్డారు, అయినా తప్పుకోలేదు. ఉన్నతాధికారులతో కూడిన హై కౌన్సిల్ సమావేశమై ఆయన్ను దించి, ఎడ్వర్డ్ హిగిన్స్‌ను ఎన్నుకుంది. గొడవ కోర్టుకెక్కింది. 1931లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేస్తే గానీ కవరు పద్ధతి పోలేదు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. జనరల్ పని చెయ్యలేని స్థితిలో పడితే ఎవరు నిర్ణయించాలో విలియం బూత్ 1904లోనే ఇంకో పత్రంలో రాయించి పెట్టారు. హై కౌన్సిల్‌కు ఆ అధికారం వచ్చింది అక్కడి నుంచే. ఎవరొస్తారన్నది రాసుకున్న కాగితం గొడవ తెచ్చింది. ఎలా మార్చాలన్నది రాసుకున్న కాగితం సంస్థను నిలబెట్టింది.

మన బోర్డులు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. రాజీనామా చేతికందగానే "మంచి మనిషిని వెతకండి" అంటారు, ప్రకటన ఇస్తారు, ఇంటర్వ్యూలు పెడతారు. అది అందరికీ తెలిసిన పని, అందుకే సులువు. అసలు పని అంతకు ఏడాది ముందు మొదలవ్వాలి. సంస్థకు సంబంధించినవి ఎన్ని ఆ ఒక్క మనిషి తలలో ఉన్నాయో బయటికి తియ్యాలి.

ఉదాహరణకు, రాత్రి పదకొండు గంటలు. ఆసుపత్రి నుంచి సోషల్ వర్కర్ ఫోన్. "ఒకామె ఇద్దరు పిల్లలతో వచ్చింది, ఇంటికి పంపితే ప్రమాదం, మీ దగ్గర చోటుందా?" ఆ ఫోన్ ఆఫీసుకు రాదు, డైరెక్టర్ సొంత నంబరుకు వస్తుంది. ఆమె వార్డెన్‌ను లేపి, కారు పంపించి, మర్నాడు కౌన్సెలర్‌కు నోటిమాటగా చెబుతుంది. ఏ రిజిస్టర్‌లోనూ ఈ దారి రాసి ఉండదు. ఆమె వెళ్లిన వారం ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాళ్లు ఉండరు. అందుకని రెండు వారాల పాటు డైరెక్టర్‌కు వచ్చే ప్రతి ఫోనూ ఒక నోటుబుక్కులో రాయించండి. ఎవరు చేశారు, ఎందుకు ఆమెకే చేశారు, ఇంకెవరు చెప్పగలిగేవారు అని. బోర్డు అధ్యక్షులు ఆ పుస్తకం ఒక్కసారి చదివితే నిద్ర పట్టదు, అదీ మంచికే.

బ్యాంకు సంతకాలు, లైసెన్సులో ఉన్న పేరు, పాస్‌వర్డులు, భవనం యజమానితో మాటమీద నడిచే అద్దె ఒప్పందం, ఇవన్నీ ఎలాగూ చూసుకోవాలి. గ్రాంటు పత్రాలు మాత్రం వరుసగా చదవండి. కొన్నిటిలో ప్రాజెక్టు బాధ్యుల పేరు ఉంటుంది, మారితే ముందుగా తెలియజెయ్యాలని షరతు కూడా ఉంటుంది. పెద్ద దాతకు ఈ వార్త మీ నోటి నుంచే అందాలి, ఇంకెవరో చెబితే నమ్మకం పోతుంది.

కొత్తవాళ్లు దొరికేలోపు తాత్కాలిక డైరెక్టర్‌ను పెట్టుకోవడం మంచిదే. ఆ మనిషి శాశ్వత పదవికి పోటీలో ఉండకూడదని ముందే రాసుకోండి. లేకపోతే అప్రియమైన నిర్ణయం ఒక్కటీ జరగదు, స్టాఫ్‌లో రెండు జట్లు తయారవుతాయి.

డైరెక్టర్ ఎలాగైనా మారతారు, మనకెందుకీ టెన్షన్ అనుకునే స్టాఫ్ కూడా ఉంటారు. మీ హోమ్‌లో ఉన్న పిల్లలకు మాత్రం వదిలి వెళ్లిన పెద్దవాళ్ల జాబితాలో ఇంకో పేరు చేరుతుంది. వీడ్కోలు సభ నాటికి కాదు, వారాల ముందే, రోజూ వాళ్లతో ఉండే మనిషి కూర్చుని చెప్పాలి. స్కూల్ ఫారం మీద సంతకం ఇక ఎవరు పెడతారో కూడా అప్పుడే చెప్పాలి.

పాత డైరెక్టర్‌ను బోర్డులోకి తీసుకోవచ్చా అని ముందు వరసలోంచి చీటీ వచ్చింది. మిషనరీస్ ఆఫ్ చారిటీలో 1990లో మదర్ థెరెసా తప్పుకుంటానంటే సిస్టర్లు ఒప్పుకోక మళ్లీ ఆమెనే ఎన్నుకున్నారు. 1997 మార్చిలో సిస్టర్ నిర్మలను ఎన్నుకున్నప్పుడు మదర్ ఇంకా బతికే ఉన్నారు. నిర్మల తనను 'మదర్' అని పిలవొద్దన్నారు. అంత వినయం, అంత క్రమశిక్షణ ఉన్నచోట నడుస్తుంది. మామూలు సంస్థలో స్టాఫ్ ప్రతి ఫిర్యాదుకూ పాత గుమ్మమే ఎక్కుతారు, కొత్తవాళ్లు తలెత్తలేరు. కాబట్టి నా జవాబు, కనీసం ఏడాది పాటు వద్దు. అడిగితే సలహా ఇవ్వొచ్చు, అదీ కొత్త డైరెక్టర్ అడిగితేనే. మిగతా చీటీలు కూడా ఇటు పంపండి.