గోదావరి వంతెనల దగ్గర బండ్లు చూసిన రోజు

అధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసలో కాళ్లూపుకుంటూ కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ హాలులో గోదావరి వంతెన దాటని వారు బహుశా ఒక్కరు కూడా ఉండరు. కొవ్వూరు దాటగానే పెట్టెలో మాటలు ఆగిపోవడం, కిటికీ పక్క సీటు మీద ఎవరికి ఎంత హక్కుందో తేలిపోవడం, అమ్మమ్మలు కొంగుముడి విప్పి పిల్లల చేతిలో రూపాయి పెట్టడం మనందరికీ తెలిసినవే. అయితే మనకు తెలిసినది బండి లోపలి నుంచి చూసిన వంతెన. ఒడ్డున నిలబడి, బండి ఆ వంతెనను ఎలా దాటుతుందో ఒక పగలంతా చూసినవారు మనలో చాలా తక్కువ. ఆ పని కోసమే ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన రెండో రోజున మేము అయిదుగురం రాజమహేంద్రవరంలో తెల్లవారుజాము నుంచి చీకటి పడే వరకు గడిపాము. ఆ రోజు తీసిన చిత్రాలను బయట గోడకు పెట్టాము, ఆ రోజు గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు.

మావంటి వారిని రైల్‌ఫ్యాన్లు అంటారు. మా ఇంట్లో వాడే మాట వేరు, అది సభలో చెప్పదగినది కాదు. మాలో ఒకరు కళాశాల అధ్యాపకులు, ఒకరు మందుల కంపెనీ ప్రతినిధి, ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, నేను, మా అందరికీ పెద్దదిక్కయిన ఒక విశ్రాంత గార్డు గారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రెయిన్ మేనేజర్ అని పిలుస్తున్నారు కానీ, ఆయన గార్డుగా చేరి గార్డుగానే పదవీ విరమణ చేశారు కనుక మాకు ఎప్పటికీ గార్డు గారే.

పండుగ వెళ్లిన రోజులను ఏరి ఎంచుకోవడానికి కారణం ఉంది. కోస్తాకు పండుగకు వచ్చిన హైదరాబాదు జనమంతా ఆ రెండు మూడు రోజుల్లోనే తిరిగి వెళ్లాలి. రోజువారీ గౌతమి, గోదావరి, ఈస్ట్ కోస్ట్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు చాలవు కనుక రైల్వే వారు ప్రత్యేక రైళ్లు వేస్తారు. ఆ ప్రత్యేక రైళ్లకు ఏ పెట్టెలు దొరికితే ఆ పెట్టెలు, ఏ ఇంజను ఖాళీగా ఉంటే ఆ ఇంజను తగిలిస్తారు. మామూలు రోజుల్లో ఫలానా బండికి ఫలానా షెడ్డు (ఇంజన్లను ఉంచి మరమ్మతు చేసే చోటు) ఇంజనే వస్తుందని గుడ్డిగా చెప్పగలం. పండుగ రోజుల్లో ఆ లెక్కలన్నీ తప్పుతాయి. ప్రయాణికుడికి అది అవస్థ, మాకు మాత్రం విందు.

తెల్లవారుజామున అయిదున్నరకు పుష్కర ఘాట్ మెట్ల మీదికి చేరేసరికి నది కనబడలేదు. మంచు. దిగువన ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ నీటిని నిలబెట్టడం వలన రాజమండ్రి ముందు గోదావరి చలికాలంలో కూడా నిండుగానే పరుచుకుని ఉంటుంది, ఆ నీటి మీద పొగమంచు దట్టంగా దిగుతుంది. కనబడక ముందే వంతెనలు వినబడ్డాయి. ఇది బండిలో కూర్చున్నవారికి అందని విషయం కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మూడు రైలు వంతెనలలో ఇప్పుడు బండ్లు నడిచేవి రెండు. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన ఉక్కు గర్డర్లతో, అంటే పెద్ద దూలాలతో, కట్టినది, పైన బస్సులూ లారీలూ, కింద బండి. 91.5 మీటర్ల ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ నడుమ భాగాలు) ఇరవై ఏడు, 45.72 మీటర్లవి ఏడు. ఊరు అడ్డు రావడంతో రాజమండ్రి వైపు చివర దానిని వంపు తిప్పవలసి వచ్చింది. రెండవది 1991 నుంచి 1997 వరకు కట్టిన కమానుల వంతెన, మన క్యాలెండర్ల మీద, మిఠాయి డబ్బాల మీద కనిపించేది. అది ఉక్కు కాదు, కాంక్రీటు. ఉక్కు వంతెన మీదికి బండి ఎక్కగానే పెద్ద రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోత మొదలై, గర్డరు గర్డరుకూ స్థాయి మారుతూ అవతలి ఒడ్డు దాకా సాగుతుంది. కాంక్రీటు వంతెన మీద అదే బరువు, అదే వేగం గల బండి దూరంగా ఎవరో చాప ఈడుస్తున్నట్టు వెళ్లిపోతుంది. మంచులో నిలబడి పది నిమిషాలు వింటే ఏ బండి ఏ వంతెన మీద ఉన్నదో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. మా విద్యార్థి మొదట్లో పందెం కాసి రెండు టీలు ఓడిపోయాడు.

మూడవది, వయసులో మొదటిది, ఇప్పుడు మౌనంగా ఉన్న హేవలాక్ వంతెన. 1890లలో బెజవాడ నుంచి కటకం (కటక్) వరకు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం వేశారు కానీ గోదావరి దగ్గర దారి తెగింది. ఇవతలి బండి దిగి, నది దాటి, అవతలి బండి ఎక్కవలసి వచ్చేది. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టు నాటికి వాల్టన్ అనే ఇంజనీరు యాభై ఆరు ఖానాల వంతెనను నిలబెట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. వరదకాలంలో నది ఎలా ఉంటుందో ఎరిగినవారికి, మూడు వానాకాలాలు కూడా పూర్తిగా గడవని ఆ వ్యవధి ఎంత చిన్నదో వేరే చెప్పనక్కరలేదు. 1997లో దాని మీద రాకపోకలు ఆపారు. మా గార్డు గారు ఉద్యోగంలో తొలి సంవత్సరాలు దాని మీద తిరిగారు. “వంతెన వచ్చిందని బయటికి చూడనక్కరలేదండీ, బ్రేక్‌వ్యాను (బండి చివర గార్డు ఉండే పెట్టె) నేల పాదాలకు చెప్పేది” అన్నారు. పట్టాలు లేని ఆ వంతెనను ఆయన చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. మేమెవరం కదిలించలేదు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆ రోజు మొదటి పెద్ద బండి విశాఖ నుంచి వచ్చే వందే భారత్. 2023 సంక్రాంతి నాడు మొదలైన బండి అది. పొగమంచులో తెల్లని బండి, కమానుల మధ్య, దాని కోసమే నేను రెండు నెలలుగా చిత్రం ఊహించుకుంటున్నాను. రాత్రంతా కెమెరాను లాడ్జి గదిలో ఏసీ కింద ఉంచాను. చల్లబడిన అద్దం నది మీది తేమగాలి తగలగానే గుడ్డివాడి కన్నులా పాలిపోయింది. తుడిచినకొద్దీ మళ్లీ పట్టింది. బండి దీపాలు కనిపించాయి, దాటిపోయింది, నా కెమెరాలో తెల్లకాగితం మిగిలింది. ముందురోజు రాత్రే సంచి మూసి గది బయటి వేడికి పెట్టి ఉంటే సరిపోయేది. పక్కనే అధ్యాపకుల వారు చవక ఫోనుతో చక్కని ఫొటో తీసి, మర్యాదగా నాకు చూపించకుండా జేబులో పెట్టుకున్నారు.

మంచు విడిన తరువాత, ఎండ మా వీపు మీద పడి వంతెన ముఖం వెలిగింది. రాజమండ్రి తూర్పు ఒడ్డున ఉంది కనుక ఉదయం ఇక్కడి నుంచి తీసే చిత్రంలో బండి స్పష్టంగా వస్తుంది, సాయంత్రమైతే నీడబొమ్మగా వస్తుంది. కమానుల వంతెనతో చిక్కు వేరు. ఒక్కో ఖానా సుమారు 97.5 మీటర్లు, ఇప్పటి ఎల్‌హెచ్‌బీ అనే జర్మన్ నమూనా పెట్టె ఇరవై మూడున్నర మీటర్లు. అంటే ఒక కమాను కింద సుమారుగా నాలుగు పెట్టెలు ఇముడుతాయి. ఇరవై నాలుగు పెట్టెల బండి ఆరు కమానుల నిండా పరుచుకుంటుంది. కమాను నుంచి వంతెన నేలను పట్టి ఉంచే నిలువు కట్లు మాత్రం ఇంజను ముఖానికి అడ్డు పడతాయి. కట్టుకూ కట్టుకూ మధ్య ఇంజను ముక్కు వచ్చిన క్షణంలోనే మీట నొక్కాలి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు కదులుతుంది. వరుసగా ఇరవై ఫొటోలు తీసి ఒకటి దక్కించుకోవడం ఒక పద్ధతి. మా మందుల ప్రతినిధి ఒక్కటే తీస్తారు. ఆయన కమానులను వేళ్ల మీద లెక్కబెట్టి, “నాలుగో దాంట్లోకి రానీ” అనుకుంటూ ఊపిరి బిగబట్టి నొక్కుతారు. జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌ను అలాగే పట్టారు.

పది గంటలకు స్టేషనుకు మారాము. ప్లాట్‌ఫారం టిక్కెట్టు పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. మేము ఆ రోజు రెండేసి కొన్నాము. ఇక్కడ కుర్రవాళ్లకు ఒక మాట గట్టిగానే చెప్పాలి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, పైనున్న తీగలో ఉండేది 25,000 వోల్టులు. దానిని తాకనక్కరలేదు, సెల్ఫీ కర్ర పైకెత్తి దగ్గరికి పోయినా చాలు. ప్లాట్‌ఫారం అంచున పసుపు గీతకు ఇవతల నిలబడి రాని ఫొటో మనకు అవసరం లేదు. ఒక కానిస్టేబుల్ మా దగ్గరికి వచ్చి ఏం తీస్తున్నారని అడిగారు. చూపించాము. తాను కూడా చూసి, వెనక స్పెషల్ ఒకటి ఆలస్యంగా వస్తోందని, దానికి “ఇంజను తేడాగా ఉంది” అని చెప్పి వెళ్లారు.

నిజంగానే తేడాగా ఉంది. సికింద్రాబాదు వైపు పోయే ఆ ప్రత్యేక రైలును గూడ్సు ఇంజను లాగుతోంది. డబ్ల్యూఏజీ-9 అంటారు, అందులో ఏ అంటే ఏసీ విద్యుత్తు, జీ అంటే గూడ్సు. బొగ్గు గూడ్సులను ఈడ్చే ఆరువేల పైచిలుకు గుర్రాల శక్తి గల యంత్రం, అరిసెల డబ్బాలు, బియ్యం మూటలు, సెలవు అయిపోయిన పిల్లల ముఖాలు నిండిన పెట్టెలను వెనకేసుకుని వచ్చింది. తలుపుల దగ్గర కాలు పెట్టే చోటు లేదు. ఒక కిటికీలో ఒక ముసలాయన ఊచలకు గడ్డం ఆనించి ప్లాట్‌ఫారం మీద ఎవరి కోసమో వెతుకుతున్నాడు. మేము అయిదుగురం ఇంజను చుట్టూ మూగి, దాని నంబరు, షెడ్డు పేరు రాసుకుంటున్నాము. నేను తరువాత చూసుకుంటే ఇంజనువి ముప్పై ఒక్క ఫొటోలు ఉన్నాయి, ఆ ముసలాయనది ఒక్కటీ లేదు. విద్యార్థి తీశాడు. బయట గోడకు పెట్టిన చిత్రాల్లో మొదటిది అదే.

మధ్యాహ్నం మెమూ (కరెంటుతో నడిచే పాసింజరు బండి) ఎక్కి కొవ్వూరు వెళ్లాము. దానిని గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. ఎండ నడినెత్తిన ఉంటే ఏ ఫొటో రాదు, అందరికీ నిద్ర వచ్చింది, భోజనం బాగుంది. మూడు గంటల తరువాత గూడ్సులు వరుసకట్టాయి. గూడ్సును చాలామంది బండిగా లెక్కించరు, గేటు దగ్గర విసుక్కుంటారు అంతే. గార్డు గారు మాత్రం వ్యాగన్లు లెక్కపెట్టకుండా గూడ్సును వదలరు. 2021 అక్టోబరులో మూడు గూడ్సులను ఒకటిగా కలిపి 177 వ్యాగన్లతో త్రిశూల్ అనే పొడవాటి బండిని కొండపల్లి నుంచి ఖుర్దా డివిజను వైపు ఈ దారినే పంపారు. దానిని చూడలేకపోయానని ఆయనకు ఇప్పటికీ బాధ. ఆ రోజు మనవరాలి ఓణీల ఫంక్షను అట.

నాలుగున్నరకు తిరిగి వచ్చి పడవ మాట్లాడుకున్నాము. కమానుల వంతెనకు దగ్గరగా, రాజమండ్రి ఒడ్డు వైపే ఆపమన్నాము. పొద్దు పడమటికి వాలి బండ్లన్నీ నల్లని కోతబొమ్మల్లా కనిపించడం మొదలైంది. నేను లేచి నిలబడబోతే పడవవాడు, “కూర్చోండి బాబూ, ఊగుద్ది” అని కసిరాడు. కూర్చునే తీశాము. అప్పుడు గమనించిన సంగతి ఇది: ఏసీ పెట్టెలు ముందున్న బండి వచ్చినప్పుడు వంతెన కింద నీరు మామూలుగానే ఉంటుంది. ఊచల కిటికీలున్న పెట్టెలు దాటేటప్పుడు మాత్రం చేతులు బయటికి వస్తాయి. మొదట ఒకటి, తరువాత నాలుగైదు, అన్నీ ఒకే కమాను దగ్గర కాదు, ఎవరికి నది మొదలైందని తోస్తే అక్కడ. వందే భారత్‌కు కిటికీ తెరుచుకోదు. ఇకముందు బండ్లన్నీ అలాగే అయితే గోదావరికి ముట్టే చిల్లర తగ్గుతుందని మేము అనుకుంటుంటే, పడవవాడు తన చిన్నప్పుడు వంతెన కింద అయస్కాంతం కట్టిన తాడుతో ఎంత సంపాదించేవాడో చెప్పాడు. ఎంతో నేను ఇక్కడ చెప్పను, పన్నులవారు ఉండవచ్చు.

చివరి ఫొటో గురించి చెప్పి ముగిస్తాను. పొద్దు నీటికి జానెడు ఎత్తున ఉండగా ఒక బండి వచ్చింది. తలుపు దగ్గర కూర్చున్న ఒకరి చేయి చాచి ఉంది. నేను తీసిన వరుస చిత్రాల్లో మూడవదానిలో ఆ చేతి కింద, కాంక్రీటు అంచుకూ నీటికీ నడుమ, ఒక చిన్న మెరుపు చుక్క ఉంది. ముందుదానిలో లేదు, తరువాతిదానిలో లేదు. అది నాణెమని గార్డు గారు అంటారు. అద్దం మీది నీటి తుంపర మీద ఎండ పడిందని విద్యార్థి అంటాడు. పొద్దున నా కెమెరా చేసిన నిర్వాకం చూశాడు కనుక వాడిని తప్పుపట్టలేను. ఆ చిత్రాన్ని పెద్దది చేయించి బయట రెండవ వరుసలో, కుడి చివర పెట్టాము. భూతద్దం ఒకటి బల్ల మీద ఉంది. టీ తాగేటప్పుడు చూసి మీకేమనిపించిందో నాకు చెప్పండి.