తీర్మానాల పుస్తకంలో మా పిల్లల మాటేది?

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు బడిలో, ఊళ్లో గొంతు విప్పితే ఏమవుతుందన్నది నేటి చర్చ. ఒక తల్లి, ఒక తండ్రి, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయురాలు మనతో ఉన్నారు. పిల్లలను దృష్టిలో పెట్టుకుని పేర్లు చెప్పడం లేదు. అమ్మా, మీరు మొదట ఎప్పుడు నోరు విప్పారు?

తల్లి: మా బాబుకు ఆటిజం. మూడో తరగతి. మధ్యాహ్న భోజనం కాగానే ‘గోల చేస్తున్నాడు, తీసుకెళ్లండమ్మా’ అని ఫోను వచ్చేది. ఒకరోజు హాజరు పట్టీ చూస్తే రెండు పూటలూ ఉన్నట్టే రాశారు. ఒళ్లు మండింది. తల్లిదండ్రుల సమావేశంలో లేచి, ‘ఇంట్లో నా పక్కన పడుకున్నవాడు బడిలో ఎలా ఉన్నాడు?’ అని అడిగాను.

వ్యాఖ్యాత: ఏమన్నారు?

తల్లి: హెడ్మాస్టరు గారు తల దించుకున్నారు. తోటి తల్లులే, ‘మీవాడి ఒక్కడి కోసం మా పిల్లల చదువు పాడవాలా?’ అన్నారు. అది ఇంకా తగిలింది.

ఉపాధ్యాయురాలు: ఆ మాట నేను ఊరూరా వింటాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. గోల చేస్తే ఇంటికి పంపమని అందులో ఎక్కడా లేదు. ఇంకొకటి, విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ పిల్లలను ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గంలో చేర్చింది. అంటే ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో వీళ్ల తల్లిదండ్రులకూ దామాషా ప్రకారం చోటివ్వాలి.

తండ్రి: చోటిస్తే సరిపోతుందా మేడమ్? నేను కమిటీలోనే ఉన్నాను. మా పాపది చక్రాల కుర్చీ. ర్యాంపు కోసం ఏడాదిన్నర తిరిగితే కట్టారు. గుమ్మం ఎత్తు అడుగున్నర, ర్యాంపు పొడవు నాలుగడుగులు! అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. అంటే 18 అడుగులు. ఇప్పుడు దాని మీద మోటారు సైకిళ్లు ఎక్కిస్తున్నారు. పాపను మాత్రం నేనే ఎత్తుకెళ్లి కూర్చోబెడుతున్నాను.

వ్యాఖ్యాత: మీరు తాపీమేస్త్రీ కదా, కడుతున్నప్పుడే చెప్పలేదా?

తండ్రి: చెప్పాను. నోటితో చెప్పాను, అదే పొరపాటు.

ఉపాధ్యాయురాలు: తీర్మానాల పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించి, నకలు తీసుకోవాలండి. రాయని మాటకు జవాబుదారీ ఎవరూ ఉండరు. ప్రత్యేక ఉపాధ్యాయుల సంగతీ అంతే. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని, సుప్రీంకోర్టు 2021లో ఆదేశించాక, కేంద్ర ప్రభుత్వం 2022లోనే నిబంధన పెట్టింది. నేనేమో ఉదయం కేంద్రంలో, మధ్యాహ్నం మంచం దిగలేని పిల్లల ఇళ్లలో, మండలమంతా తిరుగుతున్నాను. ఒప్పంద ఉద్యోగం నాది, గట్టిగా అడగలేను. మీరు అడగవచ్చు.

తండ్రి: మీ బరువూ మా నెత్తినేనా?

ఉపాధ్యాయురాలు: (నవ్వుతూ) కొంత.

వ్యాఖ్యాత: అమ్మా, బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

తల్లి: సాయంత్రం దాకా ఉంటున్నాడు. గంట మోత వాడికి పడదు. కొట్టే ముందు పక్కనున్న పాప భుజం తడుతుంది, వాడు చెవులు మూసుకుంటాడు. ఆ పాపకు ఎవరూ చెప్పలేదు.

వ్యాఖ్యాత: మేస్త్రీ గారూ, మరి ర్యాంపు?

తండ్రి: శనివారం సమావేశం ఉంది. ఈసారి కొలత టేపు తీసుకెళ్తున్నాను.