తూటా బలాన్ని ఏ లెక్కతో కొలవాలి?

[తెరపై: పక్కపక్కనే రెండు రైఫిల్ కార్ట్రిడ్జ్‌లు. ఎడమన .30-06, కుడిన .45-70]

వేటను మన వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. లైసెన్సుతో అనుమతించే దేశాల్లో మాత్రం వేటగాళ్ల మధ్య ఒక వాదన ఎప్పటికీ తెగదు: పెద్ద జంతువుకు ఏ తూటా చాలుతుంది?

తెరపై ఉన్న ఈ రెండు కార్ట్రిడ్జ్‌లూ అమెరికావి. .30-06 సుమారు 11.7 గ్రాముల తూటాను సెకనుకు 823 మీటర్ల వేగంతో పంపుతుంది. .45-70 తూటా బరువు 26 గ్రాములు, వేగం 405 మీటర్లే.

గతిశక్తి లెక్కలో మొదటిదానికి 3,950 జౌళ్లు, రెండోదానికి 2,150. ఈ సూత్రంలో వేగాన్ని వర్గం చేస్తాం, బరువును చేయం. అందుకే అంత తేడా. అదే ద్రవ్యవేగం, అంటే బరువు × వేగం, చూస్తే ఫలితం తిరగబడుతుంది. .45-70కి 10.6, .30-06కి 9.6.

[తెరపై: బరువు × వేగం × వ్యాసం ÷ 7,000]

ఆఫ్రికాలో ఏనుగులను వేటాడిన జాన్ టేలర్ 1948లో ప్రచురించిన సూత్రమిది. బరువు గ్రెయిన్లలో (తూటాలను తూచే చిన్న కొలత), వేగం సెకనుకు అడుగుల్లో, వ్యాసం అంగుళాల్లో వేయాలి. .30-06కి 21, .45-70కి 35 వస్తాయి.

ఇదే సూత్రంలో క్రికెట్ బంతిని వేసి చూడండి. 160 గ్రాముల బంతి, గంటకు 144 కిలోమీటర్ల వేగం. జవాబు దాదాపు 130! ఏనుగుల వేటకే పేరుపడిన .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాకు వచ్చేది 73.

టేలర్‌ది తప్పు కాదు. బరువైన, గట్టి తూటా ఏనుగు తలకు తగిలి, మెదడును కొద్దిలో తప్పితే జంతువు స్పృహ తప్పుతుందా లేదా అన్నదే ఆయన తేల్చాలనుకున్నది. దాన్ని జింకలకూ దుప్పులకూ వర్తింపజేయడమే పొరపాటు.

[తెరపై: ఏనుగు పుర్రె నిలువుకోత]

డబ్ల్యు.డి.ఎం. బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో చాలావాటికి వాడింది .275 రిగ్బీ. టేలర్ లెక్కలో దాని విలువ 16 మాత్రమే. అయినా ఆ తూటా సన్నగా, పొడవుగా ఉంటుంది, పైతొడుగు గట్టిది. ఎముకను చీల్చుకుని తిన్నగా లోపలికి పోతుంది. మెదడు ఎక్కడుంటుందో బెల్ పుర్రెలను కోయించి మరీ తెలుసుకున్నాడు. ఆ గురి, తూటా దిగే లోతు ఏ సూత్రంలోనూ లేవు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే: తూటా గుండె దాకా, ఊపిరితిత్తుల దాకా చేరుతుందా? చేరకపోతే జంతువు గాయంతో రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. తూటాల పెట్టె మీద ఎన్ని జౌళ్లు అచ్చువేస్తే మాత్రం ఏం లాభం?

[తెరపై: స్వీడన్ అడవిలో మూస్ దుప్పి]

ఈ విషయంలో స్వీడన్ నిబంధన నాకు నచ్చుతుంది. మూస్ వేటకు 9 గ్రాముల తూటా అయితే 100 మీటర్ల దూరంలో కనీసం 2,700 జౌళ్లు మిగలాలి. 10 గ్రాములు, ఆపైన ఉంటే 2,000 చాలు. శక్తిని తుపాకీ మూతి దగ్గర కాకుండా జంతువు నిలబడే దూరంలో కొలుస్తారు, బరువైన తూటాకు సడలింపు ఇస్తారు.