పన్ను పీకే ముందు నోరు తెరిపించి చూడండి

సభకు నమస్కారం. 1901లో గ్రంథాలయంగా పుట్టిన ఈ శ్రీకృష్ణదేవరాయ భాషానిలయంలో పళ్ళ డాక్టరుకు మైకు ఇచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు. దంత సంరక్షణ గురించి మాట్లాడమన్నారు. బ్రష్షు సంగతి మీకు తెలిసిందే కాబట్టి చెవి ముందు ఉండే దవడ కీలు గురించి చెబుతాను. దాని మీద నాకు చాలాకాలంగా మనస్తాపం ఉంది.

చిక్కడపల్లి నుంచి ఒకావిడ వచ్చింది, బట్టలు కుట్టి బతికే మనిషి. కుడి చెవి ముందు నొప్పి. చెవిలో ఏమీ లేదన్నారట. తర్వాత ఒక క్లినిక్‌లో దవడ పన్ను పీకారు. నొప్పి తగ్గకపోతే పక్కదీ పీకారు. ఆవిడ తెచ్చిన పాత ఎక్స్‌రే చూశాను. ఆ రెండు పళ్ళకూ పుచ్చు లేదు, పంటి వేర్ల కింద చీము లేదు!

'నోరు తెరువమ్మా' అన్నాను. కింది పళ్ళ నడిమి గీత కుడికి జరిగి జరిగి అక్కడే ఆగింది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య స్కేలు పెడితే 27 మిల్లీమీటర్లు. మామూలుగా 40కి తగ్గకూడదు. 'ఇదివరకు దవడ టక్కుమనేదా?' అని అడిగాను. 'అనేది సార్, ఒకరోజు ఆగిపోయింది. ఆ రోజు నుంచే నోరు పట్టేసింది' అంది. రోగ నిర్ణయం అక్కడే అయిపోయింది.

ఎలాగంటారా? నోరు తెరిచేటప్పుడు మొదటి 20, 25 మిల్లీమీటర్లు దవడ తలుపు బందులా తిరుగుతుంది. ఆపైన కీలు తల, అంటే కింది దవడ ఎముక పైకొస, ముందుకు జారుతుంది, దానికీ పుర్రెకూ మధ్యనున్న మెత్తటి బిళ్ళ కూడా దాంతోపాటే కదలాలి. బిళ్ళ ముందుకు తప్పిపోతే దవడ ఆ వైపుకు ఒరిగి, టక్కుమని బిళ్ళ మీదికెక్కి మళ్ళీ నడిమికి వస్తుంది. ఎక్కలేకపోతే శబ్దం ఉండదు, దవడ ఒరిగే ఉంటుంది. ఆవిడకు జరిగింది ఇదే. కండరాల నొప్పి అయితే వేరు. వేళ్ళతో మెల్లగా సాయం పడితే నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది.

పోసెల్ట్ అనే స్వీడన్ దంతవైద్యుడు 1952లోనే దవడ కదలికల హద్దులు గీసి చూపించాడు. ఇప్పుడు కింది పళ్ళకు అయస్కాంతం అతికించి ప్రతి కదలికనూ గ్రాఫుగా గీసే యంత్రాలున్నాయి. మంచివే. కానీ గ్రాఫు ఒక్కటే చూసి జబ్బు తేల్చకూడదు, నొప్పి లేనివాళ్ళ దవడలూ వంకరగా కదులుతాయి. దవడ కీలు జబ్బులు తేల్చడానికి 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు కూడా రోగి చెప్పేది వినమని, కండరాలూ కీలూ నొక్కి చూడమని, స్కేలుతో కొలవమని అంటాయి. స్కేలు ఖరీదెంతండీ? ఆ రెండు పళ్ళ ఖరీదెంత?

ఇక్కడ మా వృత్తివాళ్ళూ కొందరున్నారు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను, కారణం దొరకని నొప్పికి పన్ను పీకకండి.

మిగతావాళ్ళంతా చూపుడువేళ్ళు చెవుల ముందు ఆనించి నోరు తెరవండి. ఆఁ, అలాగే, మెల్లగా. టక్కుమన్నా, నొప్పి లేకపోతే భయం లేదు, వైద్యమూ అక్కర్లేదు. నొప్పి ఉన్నా, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోయినా సభ అయ్యాక నా దగ్గరికి రండి. స్కేలు తెచ్చాను.