పాత కారు లైట్లు: కరెంటు తిరిగొచ్చే దారి

అందరికీ నమస్కారం.

బయట వేపచెట్టు కింద నిలబెట్టిన మీ పాత కార్లు చూసుకుంటూ వచ్చాను. రెండు పద్మినీలు, ఒక హెరాల్డ్, నాలుగు అంబాసిడర్లు. పెయింట్లు చూస్తే మన మొహం మనకే కనబడుతోంది. నాకో పాడలవాటు ఉంది. పెయింటు చూడను, బండి వెనక్కి వెళ్ళి నిలబడి, ‘‘ఒకసారి బ్రేకు తొక్కండి’’ అంటాను. ఇవాళ కూడా అడిగాను. ఏం కనిపించిందో చివర్లో చెప్తాను.

ఈ అలవాటు మా నాన్నగారి కారు దగ్గర పట్టుకుంది. 1972 నాటి అంబాసిడర్, మార్క్ 2. కొన్నేళ్ళ కిందట టింకరింగు, పెయింటింగు చేయించాం. పెళ్ళికొడుకులా తయారై వచ్చింది. వారం తిరక్కుండా ఒక రాత్రి గుడివాడ నుంచి విజయవాడ వస్తుంటే వెనక లారీ డ్రైవరు హారన్ మీద హారన్. పక్కకు ఆపితే దిగి వచ్చి, ‘‘సార్, మీరు బ్రేకు కొడితే కుడివైపు లైటు వెలగాల్సింది పోయి ఆరిపోతోంది’’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వెనక్కి వెళ్ళి చూశాక నవ్వు పోయింది. నిజంగానే ఆరిపోతోంది!

తర్వాత మామూలు కథే. ఒక ఎలక్ట్రీషియన్ రెండుసార్లు బల్బు మార్చాడు. బ్రేకు స్విచ్చి మార్చాడు. చివరికి ‘‘వైరింగ్ మొత్తం పోయింది సార్, కొత్తది లాగాల్సిందే’’ అన్నాడు. నిజానికి పోయింది వైరింగ్ కాదు. కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే రెండో వైరు అంటూ కారుకు విడిగా ఉండదు, బాడీయే రెండో వైరు. పెయింటు వేసినప్పుడు లైటు బిగించే చోట కూడా మందంగా కొట్టేశారు. లైటుకూ బాడీకీ మధ్య పెయింటు అడ్డం. అంతే.

మరి ఆరిపోవడం ఏమిటి? ఆ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకుకు. రెండిటి రెండో కొసా బల్బు అడుగున ఉండే ఇత్తడి తొడుగులోనే కలుస్తుంది. అక్కడి నుంచి కరెంటు బాడీలోకి దిగాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, సందులు వెతుక్కుంటుంది. టెయిల్ లైటుకని వచ్చిన కరెంటు 21 వాట్ల ఫిలమెంటు గుండా బ్రేకు వైరులోకి వెళ్ళి, రెండోవైపు బల్బులో దిగుతుంది. అందుకని ఓ మోస్తరుగా వెలుగుతూనే ఉంటుంది. బ్రేకు తొక్కామా, రెండు వైర్లలోనూ 12 వోల్టులు వచ్చేస్తాయి. రెండువైపుల నుంచీ తోస్తే తలుపు కదలదు కదా! లైటు ఆరిపోతుంది.

పార్కింగ్ లైట్లు వేయకుండా బ్రేకు తొక్కితే ముందువైపు చిన్న లైట్లు మినుకుమంటున్నాయా? ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటోందా? అన్నీ ఈ జబ్బు లక్షణాలే. కరెంటు ఎలా వెళ్తోందో అందరూ చూస్తారు, ఎలా తిరిగొస్తోందో చూసేవాళ్ళు తక్కువ.

దీన్ని పట్టుకోవడానికి స్కానర్లు అక్కర్లేదు. నాలుగు గజాల వైరు, రెండు చివర్లా క్లిప్పులు ఉంటే చాలు. ఒక క్లిప్పు బ్యాటరీలో బాడీకి వెళ్ళే టెర్మినల్‌కు, రెండోది లైటు హోల్డర్‌కు పెట్టండి. లైటు భగ్గుమని వెలిగిందంటే తప్పు ఎర్తులోనే, అంటే కరెంటు బాడీలోకి దిగే దారిలోనే. ఆ చోట పెయింటు గీకి, ఎమెరీ పేపరుతో తళతళలాడేదాకా రుద్ది, బిగించాక కాస్త వేజలిన్ పూయండి. మా బండికి అయిన ఖర్చు అదే.

బాడీకి వెళ్ళే టెర్మినల్ అన్నాను, నెగటివ్ అనలేదు. లూకాస్ అనే కంపెనీ కరెంటు సామాన్లతో వచ్చిన పాత బ్రిటిష్ బళ్ళు చాలావాటిలో బాడీకి కలిపింది పాజిటివ్‌ని. చూసుకోకుండా వేరే బండి నుంచి జంపర్ కేబుల్ వేస్తే టపాకాయలే.

ఎర్తు సంగతిలోనే ఇంకొకటి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ ఛాసిస్‌కీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితే స్టార్టరు లాగే వందకు పైగా ఆంపియర్లు చోక్ కేబుల్ మీదుగానో, యాక్సిలరేటర్ కేబుల్ మీదుగానో వెళ్తాయి. సెల్ఫ్ కొట్టగానే చోక్ పిడి వేడెక్కుతోందంటే కార్బురేటర్‌ని అనుమానించకండి, పట్టీ చూడండి.

ఇక అందరి ఫిర్యాదు: ‘‘హెడ్‌లైట్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయి.’’ వెంటనే 100 వాట్ల హాలోజెన్ వేస్తారు. వద్దు. మా బండిలో లైట్లు వేసి ఉంచి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.2, బల్బు దగ్గర 10.1. దారిలో 2.1 వోల్టులు ఖర్చయిపోయాయి. అందులో 1.1 ఒక్క డిమ్ డిప్ స్విచ్చి దగ్గరే, అదే హెడ్‌లైటు వెలుగును పైకీ కిందికీ మార్చేది. పాత అంబాసిడర్లో అది ఎడమ కాలి కింద, నేల మీద ఉంటుంది. యాభై వానాకాలాల చెప్పుల బురద అంతా దాని నెత్తినే. విప్పితే లోపల పచ్చగా చిలుము. లైట్ స్విచ్చి 0.4 తిన్నది, ఎర్తు 0.4, మిగతాది కనెక్టర్లు. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వెలుతురు సుమారు సగానికి పడిపోతుంది. బల్బు పెద్దదయ్యేకొద్దీ కరెంటు పెరుగుతుంది, దారిలో నష్టమూ పెరుగుతుంది, స్విచ్చి కాలుతుంది.

కొలిచేది వెలుగుతున్నప్పుడే కొలవాలి, ఇది మరిచిపోకండి. వైరులో ఒక్క పోగు మిగిలినా, లైటు వేయకపోతే మల్టీమీటరు 12 అనే చూపిస్తుంది. మీటరు అలా అబద్ధం ఆడుతుంది. ఈ విషయంలో మన మెకానిక్కుల టెస్ట్ బల్బే నయం, అది కరెంటు లాగి మరీ చెప్తుంది.

శుభ్రం చేశాక కూడా చాలకపోతే రిలే పెట్టండి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి అది, కాళ్ళ మీద నంబర్లు ఉంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 30వ నంబరుకు మందం వైరు, 87 నుంచి లైటుకు. పాత స్విచ్చి వైరు 86కి, 85 ఎర్తుకి. ఇక స్విచ్చి మీద పడేది ఆంపియరులో చిన్న ముక్క. ఫ్యూజు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆ కాలపు లూకాస్ పద్ధతిలో హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండదు. బ్యాటరీ నుంచి వచ్చే గోధుమరంగు వైరు ఎప్పుడూ బతికే ఉంటుంది. చెయ్యి పెట్టేముందు బ్యాటరీ తీసేయండి. ఉన్న రెండు గాజు ఫ్యూజులకూ సిగరెట్ రేకు చుట్టే మహానుభావులకు ఒక దణ్ణం.

రంగుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. ఆ పద్ధతిలో తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చింది, ఎరుపు పార్కింగ్ లైట్లది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్తు. ఇది కాగితం మీద. మన బళ్ళు ఎన్ని చేతులు మారాయో, షాపులో ఆ పూట ఏ చుట్ట ఉంటే ఆ రంగు పడింది. నా బండిలో హారన్‌కి ఇంటి వైరింగ్ వైరు దొరికింది. నమ్మాల్సింది రంగుని కాదు, టెస్ట్ బల్బుని.

బండి ఆగినప్పుడు లైట్లు కాస్త డల్ అయితే కంగారు పడకండి. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే డైనమో ఉన్న బండికి అది సహజం, ఐడ్లింగులో డైనమో ఛార్జింగ్ ఇవ్వదు. లూకాస్ సీ40 డైనమో పూర్తిగా ఇచ్చేదే 22 ఆంపియర్లు. రెండు 100 వాట్ల బల్బులు అందులో 16 పైగా మింగేస్తాయి. ఇక వైపర్లు, ఇగ్నిషన్ ఏం తిని బతకాలి?

ఎల్‌ఈడీ ఇండికేటర్ బల్బులు వేసుకున్నవాళ్ళు ‘‘బ్లింక్ అవడం లేదండీ’’ అంటారు. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ వేడెక్కి పనిచేస్తుంది. వేడెక్కాలంటే 21 వాట్ల బల్బులు రెండు లాగాలి. దాని తిండి మీరే తీసేశారు.

సరే, బయటి సంగతి. ఏడు బళ్ళలో మూడింటికి బ్రేకు లైటు సరిగ్గా లేదు. ఆ తెల్ల హెరాల్డ్ ఎవరిదండీ? మీదా? కొత్తగా పెయింటు వేయించారు కదూ! నా దగ్గర క్లిప్పుల వైరు ఉంది, తాళాలు పట్టుకుని రండి. మిగతావాళ్ళు కూడా లేవండి, బండి వెనక నిలబడి చూద్దురుగాని.