రెండు బాయిల నీళ్లు

అందరికీ నమస్కారం. మైకు గీ పెడుతోంది, కాస్త దూరంగా పట్టుకుని మాట్లాడతాను.

మన సింగరేణి ప్రాంతంలో నీళ్లు చేదుకునేదీ బాయే, బొగ్గు తవ్వేదీ బాయే. మా నాన్న "బాయికి పోతున్న" అంటే చేతిలో బొక్కెన ఉందా, నెత్తి మీద లైటు టోపీ ఉందా చూస్తే గానీ ఏ బాయో తెలిసేది కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. ఆ తరువాత ఈ రెండు బాయిలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఇవాళ నేను చెప్పేది వాటి మధ్య పంచాయితీ గురించి.

నీళ్ల బాయి పది పన్నెండు గజాల లోతు ఉంటుంది. పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వంద మీటర్లు దాటిపోతుంది. నీళ్లకు పట్టా పాసుబుక్కు తెలియదు, పల్లం ఎటుంటే అటు పోతాయి. మన గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా మధ్యనా ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి. అది నీళ్లు దాచుకునే రాయి. ఆ నీళ్లు తోడకపోతే గని మునుగుతుంది, రాత్రీ పగలూ పంపులు తిరిగేది అందుకే. తోడే కొద్దీ చుట్టూ నీటిమట్టం గరాటులా కిందికి దిగుతుంది. ఆ గరాటు అంచు మీ పొలం దాకా వచ్చిందంటే మీ బాయి అడుగంటుతుంది. ఎంత దూరం వస్తుందన్నది రాతి పగుళ్లను బట్టి, మధ్యలో వచ్చే బంకమన్ను పొరలను బట్టి ఉంటుంది. గని పక్కనున్న బాయి నిండుగా ఉండి, కిలోమీటరు అవతలిది ఎండిపోవచ్చు. కాబట్టి "ఫలానా వాళ్ల బాయికి ఏం కాలేదు కదా" అని ఎవరైనా మీ నోరు మూయించబోతే ఊరుకోకండి.

చిన్న లెక్క చెప్తాను. సెకనుకు 100 లీటర్లు తోడే పంపు ఒకటి రోజుకు 20 గంటలు నడిచిందనుకోండి. 72 లక్షల లీటర్లు. మిషన్ భగీరథ లెక్కలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, అంటే 72 వేల మంది నీళ్లన్నమాట. గనిలో పడిన వాన నీళ్లు కూడా అందులో ఉంటాయి, అదంతా మన బాయిల నీళ్లేనని నేను అనను. వాన నీరెంత, భూమిలోంచి ఊరిందెంత అని విడదీసి చెప్పమని మాత్రం అడగాలి.

ఇక నీళ్లు పాడవడం సంగతి. మేఘాలయలో జయంతియా కొండల గనుల నీళ్లు ఆమ్లమై నదుల్లో చేపలు చచ్చిపోయాయని వార్తల్లో చూసి, మన దగ్గరా అంతేనని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ. గాలి, నీరు తగిలితే అది ఆమ్లమవుతుంది. మన బొగ్గులో గంధకం తక్కువ, ఆ ముప్పు మనకు అంత లేదు. మనం చూసుకోవాల్సినవి వేరే. మట్టిగుట్టల మీంచి వానకు కొట్టుకొచ్చి చెరువులో పేరుకునే ఒండ్రు ఒకటి. వర్క్‌షాపుల ఆయిలు. పప్పు ఉడకనివ్వని గట్టినీళ్లు. ఇంకొకటి నైట్రేటు. గనిలో వాడే పేలుడు మందులో ఉండేది అమ్మోనియం నైట్రేటు, పేలకుండా మిగిలింది నీళ్లలో కరుగుతుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. నిజం చెప్పాలంటే మనం చల్లే యూరియా వల్ల కూడా నైట్రేటు పెరుగుతుంది. రేపు గొడవ వస్తే అవతలివాళ్లు మొదట అనేది అదే.

"నీళ్లు ప్రమాణాల ప్రకారమే ఉన్నాయి" అని ఎవరైనా చెప్తే, ఏ ప్రమాణాలని అడగండి. గని నుంచి బయటికి వదిలే నీళ్లకు 2000లో ఇచ్చిన హద్దులు వేరు. అక్కడ పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం ఎంతో చెప్పే కొలత, 5.5 నుంచి 9 దాకా ఉండొచ్చు, తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. తాగే నీళ్లకు పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్యే ఉండాలి. మొదటి పరీక్ష పాసైన నీళ్లు తాగడానికి పనికొస్తాయని అర్థం కాదు.

హక్కు మాటకొస్తే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. ఒక కాలువగా పారకుండా భూమి కింద ఉన్న నీటిని ఆ భూమి యజమాని తన హద్దుల్లో తోడుకోవచ్చు అంటుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పది గజాల బాయీ వంద మీటర్ల గనీ ఆ చట్టం ముందు సమానమే. ఇప్పుడు ఎవరికి దక్కుతాయో చెప్పండి?

ఇంకోవైపు, కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో అన్నది. అది బొగ్గు కేసే. బొగ్గు కడిగిన బురదను బొకారో నదిలోకి వదులుతున్నారని పడిన పిటిషన్. తమాషా ఏమిటంటే ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది! వేసినాయన ఆ బురద వ్యాపారంలో సొంత లాభం కోసమే వచ్చాడని తేల్చి, ఖర్చులు కూడా కట్టమన్నది. పిటిషన్ పోయింది, హక్కు మాత్రం మనకు మిగిలింది.

గని పేరు చెప్పి బాయి ఎండిందంటే "మీది ముందు నుంచే అంతే" అంటారు. ముందు ఎట్లుండేదో రాసిపెట్టినవాడు ఊళ్లో ఒక్కడూ ఉండడు. నాకు బాధ కలిగించేది ఇదే. కొత్త గని రాకముందే, ఉన్నది పెద్దది కాకముందే లెక్క మొదలుపెట్టాలి. తాడుకు రాయి కట్టి దించండి, నీళ్లు తగిలే దాకా ఎంత పట్టిందో కొలిచి రిజిస్టరులో రాయండి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి. నడిచే బోరులో తాడు దిగదు, వాడని బోరు ఒకటి చూసుకోండి. పరీక్షకు పంపే సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడగండి. సర్ఫ్‌తో కడిగిన సీసా పంపితే వచ్చేది సర్ఫ్ రిపోర్టే.

గనికి పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ఆ రిజిస్టరు పట్టుకుని వెళ్లండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. అక్కడ ఓటింగ్ ఉండదు. మీరు చెప్పింది మినిట్స్‌లోకి, అంటే సభలో రాసుకునే రికార్డులోకి, ఎక్కడమే ముఖ్యం. చివర్లో వాటిని తెలుగులో చదివి వినిపించాలి, అప్పటిదాకా లేవకండి. భోజనాల దగ్గరికి పరుగెత్తేది సరిగ్గా ఆ టైములోనే, నేనూ చూశాను. ఉద్యోగాల గురించి అందరూ అడుగుతారు, అడగాలి కూడా. ఒక్కరైనా బాయి లెక్క చదవాలి. ఏజెన్సీ ఊళ్లవాళ్లకు 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద చిన్న నీటి వనరుల ప్లానింగ్, నిర్వహణ పంచాయతీలకే చెందుతాయి, దాన్ని కూడా ఎత్తండి.

గని నీళ్లను చెరువుల్లోకి, పొలాలకు వదలడం ఉంది. మంచిదే, రెండో పంట పండించుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ దాన్ని దయగా తీసుకోకండి. పరీక్ష రిపోర్టుతో సహా రాతపూర్వకంగా అడగండి. గని మూసిన రోజు పంపూ ఆగుతుంది. ఆ తరువాత చెరువు ఎట్లా నిండాలో మూసివేత ప్లానులో ఉందో లేదో చూడండి.

రేపు పొద్దున ఏడు గంటలకు స్కూలు దగ్గరి చేతిపంపు దగ్గర కలుద్దాం. రెండు రిజిస్టర్లు కొన్నాను, ఒకటి పంచాయతీలో, ఒకటి స్కూల్లో ఉంటాయి. ముప్పై గజాల తాడు ఎవరి దగ్గరైనా ఉంటే తెండి, నా దగ్గరున్నది పాతబడిపోయింది.