నాలా దాటితే సముద్రమే: ఆదివారం ఫోన్-ఇన్

(హైదరాబాద్ నుంచి ఆదివారం పొద్దున ప్రసారమైన గంట కార్యక్రమంలో కొంత భాగానికి ఇది అక్షర రూపం. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు తీసేసి ప్రాంతాలు మాత్రం ఉంచాం. లైన్ సరిగా వినపడని రెండు కాల్స్ వదిలేశాం.)

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి విషయం చెప్తే నిన్న మా ఆఫీసులోనే నవ్వారు. తిమింగలాల కోసం, సముద్రం కోసం మనం వాలంటీర్లుగా ఏం చేయొచ్చు, ఏ కార్యక్రమాలు పెట్టొచ్చు? అదీ హైదరాబాద్‌లో కూర్చుని! మనతో ఉన్నది ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్. పుట్టింది భీమిలి దగ్గర. 30 ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. మేడమ్, నవ్వినవాళ్ళకి ఏం చెప్తారు?

అతిథి: నవ్వనివ్వండి. నేనూ ఇక్కడికి వచ్చిన కొత్తలో, సముద్రం వదిలేసి వచ్చానని ఏడ్చినదాన్నే. తరవాత తెలిసింది, దేశం మొత్తానికి సముద్రం కబుర్లు చెప్పేది ఈ ఊరేనని. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఉంది, 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు 2007 నుంచి అక్కణ్ణించే. చేపలు ఏ దిక్కున దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేదీ వాళ్ళే.

యాంకర్: మొదటి కాల్ ఆ పక్కనుంచే. కూకట్‌పల్లి. చెప్పండి.

శ్రోత (కూకట్‌పల్లి): నమస్తే మేడమ్. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో కల్చరల్ సెక్రటరీని నేను. ఫిబ్రవరిలో తిమింగలాల రోజు ఉందట కదా...

అతిథి: ఫిబ్రవరి మూడో ఆదివారం. హవాయి దీవుల్లో మౌయి అనే చోట 1980లో మొదలుపెట్టారు.

శ్రోత: ఆ, అదే. పిల్లలతో గ్రాండ్‌గా చేద్దామని. నీలం బెలూన్లు ఓ ఐదొందలు గాల్లోకి వదిలి, అందరికీ టీషర్టులు, ఒక ఫ్లెక్సీ...

అతిథి: బెలూన్ల దగ్గరే ఆగు బాబూ. గాల్లోకి వదిలింది ఎక్కడో ఒకచోట దిగాలి కదా. నీళ్ళలో దిగిందనుకో, తేలుతున్న ఆ రబ్బరు ముక్క తాబేలుకి తిండిలాగే కనపడుతుంది. తిమింగలాల పేరు చెప్పి వాటికే చెత్త పంపించినట్టవుతుంది. ఫ్లెక్సీ సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు.

శ్రోత: మరి పిల్లలకి ఏదో ఒకటి కనపడాలి కదా మేడమ్?

అతిథి: ముగ్గు వేయించు. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది. సంక్రాంతి అయి నెల దాటుతుందంతే, ఇంట్లో ముగ్గుపిండి మిగిలే ఉంటుంది. పార్కింగ్‌లోనో, మీ గల్లీలోనో నిజమైన కొలతకి గీయండి. పక్కనే పిల్ల. అది పుట్టడమే 7 మీటర్లు, మీ కారు కన్నా పొడవు. పెద్దదాని కడుపులో ఎంతమంది పిల్లలు పడతారో కూర్చోబెట్టి లెక్కపెట్టండి. సినిమా చూపించినా రాని ఆశ్చర్యం అక్కడ వస్తుంది. నేను రెండుసార్లు చేయించాను. ఒక్క మాట, తెల్లపిండే వాడండి, రంగులొద్దు. కడిగితే పోయేది నాలాలోకే.

శ్రోత: ఇన్‌కాయిస్ వాళ్ళని పిలిస్తే వస్తారా?

అతిథి: నెల ముందు ఉత్తరం రాయండి. వీలైతే వస్తారు, లేకపోతే మీరే ఎప్పుడు రావచ్చో అడగండి. శాస్త్రవేత్త వస్తే మాత్రం గంట ఉపన్యాసం పెట్టకండి, పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి. ఇంకోటి, టీషర్టుల డబ్బుతో స్టీలు గ్లాసులు కొనండి, మీ ఫంక్షన్ హాల్లో ఉండిపోతాయి. 2018 నవంబర్‌లో ఇండోనేషియాలో స్పెర్మ్ వేల్ అనే రకం తిమింగలం ఒకటి చచ్చి కొట్టుకొస్తే కడుపులో దాదాపు 6 కిలోల ప్లాస్టిక్. అందులో గ్లాసులే 115. ఒక జత హవాయి చెప్పులు కూడా. మన కిట్టీ పార్టీ అయిపోయాక మిగిలే సరుకే.

యాంకర్: 115... సరే. ఉప్పల్ నుంచి ఒకాయన.

శ్రోత (ఉప్పల్): నమస్తే అమ్మా. ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైరైన. ఏమనుకోకుంటే ఒక మాట అడుగుత. ఈడ మనం నాలుగు కవర్లు ఏరితే ఆడ తిమింగలం బతుకుతదా? సముద్రంల కాకిరెట్ట అసుంటిది గాదా ఇది?

అతిథి: డ్రైవర్ అన్నారు కదా, రూట్ చెప్తాను వినండి. ఎక్కేది కూకట్‌పల్లి నాలాలో. దిగేది హుస్సేన్‌సాగర్. అక్కడ మారి, వాన గట్టిగా పడినప్పుడు పొంగే నాలా ఎక్కితే దోమలగూడ, నల్లకుంట మీదుగా మూసీ. ఉప్పల్ వాళ్ళకి ఆ మార్పులు కూడా లేవు, మూసీ మీ పక్కనే. తరవాత?

శ్రోత: తర్వాత ఏమున్నది, వాడపల్లి. ఆడ కృష్ణల కలుస్తది. పుష్కరాలకు నేనే బండి తోలిన.

అతిథి: చూశారా! ఆపైన పులిచింతల, బెజవాడ బ్యారేజీ, ఆఖరి స్టాపు హంసలదీవి. అక్కణ్ణించి బంగాళాఖాతం. ఇక్కడ వేసిన ప్రతి కవరూ అక్కడికి చేరుతుందని నేను అబద్ధం చెప్పను. చాలావరకు గట్లకి, ఆనకట్టలకి తగులుకుని ఆగుతాయి, చిరిగి ముక్కలవుతాయి. ఆ ముక్కలు మాత్రం ఆగవు.

శ్రోత: గట్లయితే ఏం జేయమంటవమ్మా? నా తోటి రిటైరైనోళ్ళు పదిమంది ఉన్నరు, పొద్దుగాల పార్కుల కూసుంటం.

అతిథి: పదిమంది చాలు. ఎండాకాలం పోయి వానలు పడేలోపు ఒక్క ఆదివారం, మూసీ గట్టు 200 మీటర్లు తీసుకోండి. నాలాలోకి మాత్రం దిగొద్దు, ఎవరు ఎంత ఉత్సాహపడినా సరే. గట్టు మీదే. మందంపాటి చేతితొడుగులు, బూట్లు. టెటనస్ సూది ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మున్సిపాలిటీ చెత్త బండి ఎన్నింటికి వస్తుందో ముందురోజే మాట్లాడుకోండి.

యాంకర్: అదెందుకు ముఖ్యం మేడమ్?

అతిథి: నా తప్పు చెప్తాను. మా మొదటి కార్యక్రమంలో 40 బస్తాలు నింపాం. ఫొటోలు దిగాం, పేపర్లో వేశారు. బస్తాలు రోడ్డు పక్కన పెట్టి ఇంటికెళ్ళిపోయాం. బండికి చెప్పడం ఎవరికీ గుర్తులేదు. బుధవారం వాన. గురువారం వెళ్ళి చూస్తే, తెల్లబస్తాలు నాలాలో తేలుతూ... మేం ఏరిందంతా మూటకట్టి మరీ పంపించాం సముద్రానికి. ఇప్పుడు బండి నంబరు దొరక్కపోతే నేను బస్తా విప్పను.

శ్రోత: (నవ్వు) మంచిగ చెప్పినవమ్మా.

అతిథి: ఇంకో పని. ఏరింది ఏరినట్టు లెక్క రాయండి. గ్లాసులు ఎన్ని, గుట్కా పొట్లాలు ఎన్ని, పాల కవర్లు ఎన్ని. సెప్టెంబర్ మూడో శనివారం ప్రపంచమంతా తీరాలు శుభ్రం చేస్తారు. 1986లో అమెరికాలో టెక్సస్ తీరాన మొదలైనప్పుడే వాళ్ళు లెక్క రాశారు, ఏరడంతో సరిపెట్టలేదు. ఫలానా గల్లీలో ఫలానా చెత్త ఇంత అని కాగితం చేతిలో ఉంటే కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడొచ్చు. లేకపోతే ఒట్టి ఫొటోయే. ఆ శనివారం మనకి వినాయక నిమజ్జనం రోజులతో కలుస్తుంటుంది కూడా. ఆ గొడవ మొదలుపెడితే గంట చాలదు, మట్టి గణపతి అని మాత్రం అనేసి వదిలేస్తున్నా.

యాంకర్: చిన్న గొంతు ఒకటి వెయిటింగ్‌లో ఉంది. మలక్‌పేట.

శ్రోత (మలక్‌పేట): ఆంటీ, తిమింగలం చేప కాదా?

అతిథి: కాదు నాన్నా. మనలాగే ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి, పిల్లలకి పాలిస్తుంది. కానీ వేల్ షార్క్ అని ఒకటుంది, పేరులో తిమింగలం ఉన్నా అది చేపే. చేపలన్నిట్లోకీ పెద్దది. మీ టీచర్ని అడిగి చూడు, ఎంతమంది పొరబడతారో.

యాంకర్: ఈ కాల్ రాంనగర్ నుంచి. అమ్మా, కొంచెం రేడియో సౌండ్ తగ్గించండి. ఆ, చెప్పండి.

శ్రోత (రాంనగర్): నేను చేపలమ్ముత. ఇందాకటి నుంచి వింటున్న. మీలాంటోళ్ళే పోయిన మృగశిర నాడు అట్టముక్కలు పట్టుకొని మా మార్కెట్ కాడికొచ్చిన్రు. చేపలు తినకుండ్రి, సముద్రం కరాబైతున్నదని ఒర్లిన్రు. ఏడాదికి ఒక్కనాడు మా గిరాకి. మేమేం పాపం జేసినం?

అతిథి: తప్పే అమ్మా. ఎవరు చేసినా తప్పే.

శ్రోత: నా కాడ ఉండేది కొర్రమట్ట, రవ్వ, బొచ్చె. చెరువు చేపలు. సముద్రం ఏడికెల్లి వచ్చింది మధ్యల?

అతిథి: (నవ్వు) ఈ మాట వాళ్ళకి ఎవరూ చెప్పలేదు చూడండి. శ్రోతలూ, కార్యక్రమాలు పెట్టేవాళ్ళూ వింటున్నారా? జూన్ 8 ప్రపంచ సముద్ర దినం. మన మృగశిర కార్తె వచ్చేదీ అప్పుడే. ఊరంతా చేపల గురించి మాట్లాడుకునే రోజది, అంతకంటే మంచి సందర్భం దొరకదు. దాన్ని పట్టుకుని, అమ్ముకునేవాళ్ళ మీదకి పోతే ఎలా? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఉండదు, చేప గుడ్లు పెట్టుకోనివ్వాలని. ఆ కార్తె నాటికి సముద్రంలో ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ సెలవు పాటించేది మత్స్యకారులే, పస్తులుండి మరీ.

శ్రోత: మరి గదే చెప్పుండ్రి.

అతిథి: మీరే చెప్పకూడదా? వచ్చే మృగశిరకి పిల్లలొస్తే వాళ్ళకి చేపలు గుర్తుపట్టడం నేర్పండి. ఏది చెరువుది, ఏది సముద్రానిది. ఒక గంట.

శ్రోత: గిరాకి లేనప్పుడు చెప్త. పొద్దుగాల ఎనిమిదిట్ల దాక మాట్లాడనీకి తీరదు. ఇంకో ముచ్చట, గిన్నె తెచ్చుకుంటే మంచిగుంటది. కవర్ పైసలు పోయేది నాయే గదా. గిన్నె తెచ్చినోళ్ళకు మొప్పలు తీసి, కడిగి, ఒక ముక్క పెద్దగ కొట్టిస్త.

యాంకర్: ఇదిగో, అసలైన ఆఫర్! పాతబస్తీ నుంచి ఒక కాల్.

శ్రోత (చార్మినార్): సలామ్ మేడమ్. మా మామది అత్తరు దుకాణం. ఒకతను వచ్చి అంబర్ ఉంది, తిమింగలం వాంతి, కోట్లలో పోతది, వాటా కలువు అంటున్నాడు. లీగల్ ఏనా ఇది?

అతిథి: కాదు. మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకోవడమూ అమ్మడమూ నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద. నిజానికి అది వాంతి కూడా కాదు, స్పెర్మ్ వేల్ పేగుల్లో, అది తిన్న స్క్విడ్ అనే సముద్ర జీవుల అరగని ముక్కుల చుట్టూ పేరుకునే ముద్ద. మైనం ముద్దని అంబర్ అని అంటగట్టేవాళ్ళు కూడా ఉంటారు. అసలుదైతే జైలు, నకిలీదైతే డబ్బు పోతుంది. అటవీశాఖకి చెప్పండి, మామగారిని దూరంగా ఉండమనండి.

యాంకర్: ఎర్రగడ్డ. హలో?

శ్రోత (ఎర్రగడ్డ): మేడం గారూ, మాది సిక్కోలు. సముద్రం ఒడ్డూరే. ఇక్కడ మేస్త్రీ పని. మీది భీమిలి అంటే ఫోన్ చేసినాను.

అతిథి: అయ్యో, మనూరోడివే! చెప్పు నాయనా.

శ్రోత: చిన్నప్పుడు మా ఒడ్డుకి ఇంత పెద్ద తిమింగలం కొట్టుకొచ్చింది. ఇంకా బతికే ఉంది. జనం పైకెక్కేసినారు. తోకకి తాడు కట్టి లాగినారు. సాయంత్రానికి పోయింది. ఇప్పుడు పండక్కి ఎల్తన్నాను. మళ్ళీ అలాంటిది ఒస్తే ఏం సేయాలి?

అతిథి: (కాసేపు ఆగి) ముందు జనాన్ని పక్కకి తప్పించాలి. ఆ ఊళ్ళో మాట చెల్లే పెద్దాయన ఎవరో చూసుకో, ఆయన చెప్తేనే వింటారు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, అటవీశాఖ వాళ్ళకీ చెప్పాలి. ఈలోపు తడిగుడ్డలు, పాత చీరలు వీపు మీద కప్పి నీళ్ళు పోస్తూ ఉండాలి. ఎండ తగిలితే దాని తోలు పేలిపోతుంది. నడినెత్తి మీద ఊపిరి రంధ్రం ఉంటుంది. దాని మీద గుడ్డ పడకూడదు, నీళ్ళు పోయకూడదు, ఇసుక పోకూడదు. తోక వైపు నిలబడొద్దు, ఒక్క దెబ్బకి మనిషి పోతాడు. తోక పట్టి లాగకూడదు, ఎముకలు సడలిపోతాయి. దాని ఊపిరి మన ముఖానికి తగలనివ్వకూడదు, రోగాలుంటాయి.

శ్రోత: సముద్రంలోకి తోసేస్తే బాగుంటది కదా?

అతిథి: అందరికీ అదే అనిపిస్తుంది. 2016 జనవరిలో తమిళనాడులో మనప్పాడు దగ్గర 80కి పైగా పైలట్ వేల్స్ అనే చిన్న రకం తిమింగలాలు ఒడ్డెక్కాయి. మత్స్యకారులు రాత్రంతా తోశారు. కొన్ని తిరిగి ఒడ్డుకే వచ్చాయి. 40కి పైగా చచ్చిపోయాయి. అవి గుంపు వదిలి పోవు. వెటర్నరీ డాక్టరు వచ్చి చెప్పేదాకా తడిపి, నీడ పట్టడమే మన పని. చచ్చిపోయి వస్తే ముట్టుకోకుండా, పొడవు కొలిచి, పక్కన మనిషిని నిలబెట్టి నాలుగు ఫొటోలు తీయండి. ఆ నాలుగు ఫొటోలు కూడా శాస్త్రవేత్తలకి పనికొస్తాయి.

శ్రోత: అప్పుడు మాకు సెప్పినోళ్ళు లేరు మేడం.

అతిథి: మాకూ లేరు నాయనా. ఈ పండక్కి నీ ఊళ్ళో పిల్లలకి నువ్వు చెప్పు. అదే నువ్వు చేసే కార్యక్రమం. బ్యానర్ అక్కర్లేదు.

యాంకర్: సమయం దగ్గరపడింది. డిగ్రీ చదివే అమ్మాయి, విద్యానగర్ హాస్టల్ నుంచి.

శ్రోత (విద్యానగర్): మేడమ్, తిమింగలాల దగ్గరే వాలంటీర్‌గా పని చేయాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒకచోట 25 వేలు కడితే వారం తీసుకెళ్తామన్నారు.

అతిథి: అటవీశాఖ అనుమతి కాగితం చూపించమను. చూపించకపోతే పైసా కట్టొద్దు. తిమింగలం ఒడ్డుకి కనపడే ప్రాణి కాదమ్మా, వారంలో చూపిస్తామనేవాళ్ళని నమ్మకు. తాబేళ్ళతో మొదలుపెట్టు, సముద్రం అదే కదా. చెన్నైలో విద్యార్థులే 1988 నుంచి జనవరి మొదలు వేసవి ముందు దాకా రాత్రుళ్ళు తీరం వెంట నడుస్తూ, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లు కాపాడుతున్నారు. రైలెక్కితే పొద్దునకి చేరతావు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఇంట్లో చెప్పి వెళ్ళండి. టార్చి వేయొద్దు, పిల్ల తాబేళ్ళు వెలుగు ఎటుంటే అటు పోతాయి. చేతిలో పెట్టుకుని సెల్ఫీ అసలే వద్దు.

యాంకర్: ఒక్క నిమిషం ఉంది. కూకట్‌పల్లి నుంచి మొదట మాట్లాడిన అన్నే మళ్ళీ లైన్లోకి వచ్చారు.

శ్రోత (కూకట్‌పల్లి): సారీ మేడమ్, కిందికి దిగి టేపుతో కొలిచాను. మా పార్కింగ్ 22 మీటర్లే. 8 మీటర్లు తక్కువ పడింది. చిన్న తిమింగలం గీయమంటారా?

అతిథి: చిన్నది గీస్తే ఏం లాభం! గేటు తీసి, తోక గల్లీలోకి రానివ్వు. ఎదురుగా ఏముంది?

శ్రోత: ఇంకో అపార్ట్‌మెంట్. వాళ్ళకీ మాకూ పార్కింగ్ గొడవ ఉంది.

అతిథి: అయితే తోక వాళ్ళ గేటు ముందు దాకా పోనీ. ముగ్గు వేయడానికి వాళ్ళ ఆడవాళ్ళని పిలవక తప్పదు.